కనెక్టింగ్ ఫ్లైట్ మిస్ అయ్యాక నేర్చుకున్న లెక్కలు, ఆ తర్వాత సింగపూర్‌లో 28 గంటలు

పోయిన ఎపిసోడ్ తర్వాత చాలామంది ఒకటే అడిగారు: "అన్నా, ఆస్ట్రేలియా వెళ్తూ మధ్యలో సింగపూర్ చూడొచ్చా? రెండు టికెట్లు విడివిడిగా కొంటే చీప్‌గా వస్తోంది, కొనొచ్చా?" రెండు ప్రశ్నలకీ నా దగ్గర జవాబుంది. మొదటిదానికి సంతోషంగా చెప్తాను. రెండోదానికి మాత్రం నేను ఫీజు కట్టి నేర్చుకున్నాను, ఆ ఫీజు కూడా డబ్బు రూపంలో మాత్రమే పోలేదు. అందుకే ముందు ఆ కథ.

మా చెల్లి మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేసింది. డిసెంబర్‌లో కాన్వొకేషన్, పొద్దున 11 గంటలకి. నేను, అమ్మ వెళ్ళాలి. అమ్మకి అదే మొదటి విమానం. ఖమ్మం నుంచి హైదరాబాద్ రావడానికే బస్సులో కిటికీ పక్క సీటు కావాలనే మనిషి. నేను ఫోన్‌లో టికెట్లు వెతికాను. హైదరాబాద్ నుంచి మెల్‌బోర్న్‌కి ఒకే టికెట్ ఒక రేటు. హైదరాబాద్ నుంచి సింగపూర్ ఒక ఎయిర్‌లైన్, అక్కడి నుంచి మెల్‌బోర్న్ ఇంకో ఎయిర్‌లైన్, విడిగా కొంటే ఇద్దరికీ కలిపి పద్దెనిమిది వేలు తక్కువ. మధ్యలో 3 గంటల 10 నిమిషాల గ్యాప్. "మూడు గంటలు సరిపోవా ఏంటి" అనుకుని కొట్టేశాను బుకింగ్.

ఇప్పుడు లెక్క చూడండి. మొదటి ఫ్లైట్ పొద్దున 6:20కి దిగాలి. రెండోది 9:30కి లేవాలి. మొదటిది లేటుగా బయలుదేరి 8 గంటలకి దిగింది. ఇంకా గంటన్నర ఉంది కదా అనుకున్నాను. కానీ టికెట్లు వేరు కాబట్టి మా పెట్టెలు సింగపూర్ వరకే వచ్చాయి. వాటిని తీసుకోవాలంటే ఇమిగ్రేషన్ దాటాలి. క్యూ, బెల్టు దగ్గర ఎదురుచూపు, ఇంకో టెర్మినల్‌కి పరుగు, అన్నీ కలిపి 8:55 అయింది. కౌంటర్ దగ్గరికి వెళ్తే మూసేసి ఉంది. ఫ్లైట్ ఇంకా అక్కడే ఉంది, 35 నిమిషాలు ఉంది. కానీ చెక్-ఇన్ బయలుదేరే టైమ్‌కి గంట ముందే, అంటే 8:30కే క్లోజ్.

ఆ రోజు రాత్రి ఫ్లైట్లన్నీ ఫుల్. క్రిస్మస్ సీజన్. దొరికిన సీట్లు మర్నాడు పొద్దున 9:30వి. ఇద్దరికీ కొత్త టికెట్లు కొంటే, నేను మిగుల్చుకున్న పద్దెనిమిది వేలకి ఎన్నో రెట్లు ఎగిరిపోయాయి. సరే, డబ్బు సంగతి వదిలేయండి. మర్నాడు మెల్‌బోర్న్‌లో 11 గంటలంటే సింగపూర్‌లో 8. చెల్లి పేరు పిలుస్తున్నప్పుడు మేము చాంగి ఎయిర్‌పోర్టులో కుర్చీల్లో కూర్చుని, నా ఫోన్‌లో లైవ్ చూస్తున్నాం. అమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. చివర్లో "దానికి జడ ఎవరు వేశారో" అంది, అంతే.

అందుకే ఈ ఎపిసోడ్. నేను తప్పు చేసిన చోటే మొదలుపెడదాం.

ఒకే టికెట్టా, రెండు టికెట్లా?

కనెక్షన్ అనేది ఎయిర్‌పోర్టులో కాదు, బుకింగ్ దగ్గరే డిసైడ్ అయిపోతుంది. ప్రయాణం మొత్తం ఒకే పీఎన్ఆర్ మీద, ఒకే టికెట్‌గా ఉంటే మొదటి ఫ్లైట్ లేటైనా మిమ్మల్ని గమ్యం చేర్చే బాధ్యత ఎయిర్‌లైన్‌ది. తర్వాతి ఫ్లైట్‌లో వాళ్ళే సర్దుతారు. మామూలుగా పెట్టెలు కూడా చివరి ఊరి దాకా ట్యాగ్ వేస్తారు, రెండు బోర్డింగ్ పాసులూ మొదటే ఇస్తారు.

విడివిడి టికెట్లయితే రెండో ఎయిర్‌లైన్‌కి మీ మొదటి ఫ్లైట్‌తో సంబంధం లేదు. వాళ్ళ లెక్కలో మీరు ఆటో దొరక్క లేటుగా వచ్చిన ప్యాసింజర్ లాంటి వాళ్ళే. బుకింగ్ యాప్‌లో "సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ మాట కనిపిస్తే ఆగండి. ఒక్కోసారి యాప్ రెండు టికెట్లనూ ఒకే పేజీలో చూపించి, ఒకేసారి డబ్బు తీసుకుంటుంది. ఒకేసారి డబ్బు కట్టాం కదా అని ఒకే టికెట్ అయిపోదు. పీఎన్ఆర్‌లు ఎన్ని వచ్చాయో చూసుకోండి.

ఇంకో పెద్ద చిక్కు వీసా. మాకు ఆస్ట్రేలియా వీసా ఉంది కాబట్టి సింగపూర్‌లో బయటికి రానిచ్చారు. అది ఎలాగో తర్వాత చెప్తాను. అదే మీరు హైదరాబాద్ నుంచి బాలి వెళ్తున్నారనుకోండి. ఇండోనేషియాలో మనకి వీసా ఆన్ అరైవల్ ఉంది, కాబట్టి చేతిలో ఏ వీసా లేకుండానే బయలుదేరతాం. ఒకే టికెట్ అయితే సింగపూర్‌లో లోపలే ఉండి ఫ్లైట్ మారిపోవచ్చు, సమస్య లేదు. రెండు టికెట్లయితే పెట్టె కోసం ఇమిగ్రేషన్ దాటాలి, దాటడానికి సింగపూర్ వీసా కావాలి. అది లేకపోతే హైదరాబాద్ కౌంటర్లోనే ఆపేసే అవకాశం ఉంది. సింగపూర్ అనే కాదు, ఏ దేశంలో ఫ్లైట్ మారినా "నా పెట్టె ఎక్కడ తీసుకోవాలి, దానికి నేను ఆ దేశంలోకి అడుగు పెట్టాలా" అని ముందే అడగండి. కొన్ని దేశాల్లో అయితే బయటికి రాకుండా ఫ్లైట్ మారడానికి కూడా ట్రాన్సిట్ వీసా అడుగుతారు.

ఎంత గ్యాప్ ఉండాలి?

ప్రతి ఎయిర్‌పోర్టుకీ "మినిమమ్ కనెక్టింగ్ టైమ్" అని ఒకటి ఉంటుంది. ఫ్లైట్ మారడానికి కనీసం ఇంత టైమ్ ఉంటేనే ఒకే టికెట్‌గా అమ్ముతారు. కానీ కనీసం అంటే కనీసమే. అన్నీ టైమ్‌కి జరిగితే, దారి తెలిసినవాడు చకచకా నడిస్తే సరిపోయే టైమ్ అది. మోకాళ్ళ నొప్పులున్న అమ్మతోనో, చిన్న పిల్లలతోనో వెళ్ళేవాళ్ళ కోసం వేసిన లెక్క కాదు.

నేను ఇప్పుడు పాటించే రూల్ ఇది. ఒకే టికెట్ అయితే, పెద్ద ఎయిర్‌పోర్టులో రెండు నుంచి మూడు గంటలు. పెద్దవాళ్ళు తోడుంటే మూడు నుంచి నాలుగు, దాంతోపాటు బుకింగ్‌లోనే వీల్‌చెయిర్ రిక్వెస్ట్. అమ్మ మొదట "నాకేం, నడుస్తాను" అంది. అది జబ్బు చేసినవాళ్ళకే కాదమ్మా, దూరం నడవలేనివాళ్ళకి కూడా అని చెప్తే ఒప్పుకుంది. విడి టికెట్లు తప్పకపోతే మాత్రం గంటల లెక్క వదిలేయండి. మధ్యలో ఒక రాత్రి పెట్టుకోండి. పెళ్ళి, పరీక్ష, ఇంటర్వ్యూ, కాన్వొకేషన్ లాంటి డేటు మారని పనికి వెళ్తుంటే ఒకే టికెట్ ఉన్నా కనీసం ఒక రోజు ముందు దిగేలా చూసుకోండి. నేను ఈ ఒక్కటి చేసి ఉంటే మిగతా తప్పులన్నీ కవర్ అయిపోయేవి.

ఇంకో మాట. అమెరికా వెళ్ళేవాళ్ళకి, అక్కడ దిగే మొదటి ఎయిర్‌పోర్టులో ఒకే టికెట్ ఉన్నా సాధారణంగా పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ ఇవ్వాలి. మన దేశానికి తిరిగొచ్చేటప్పుడు ఢిల్లీలోనో చెన్నైలోనో దిగి విజయవాడ ఫ్లైట్ ఎక్కేవాళ్ళకీ మామూలుగా ఇదే పద్ధతి. ఆ టైమ్ కూడా లెక్కలో వేసుకోండి.

చాంగిలో తెలుసుకోవాల్సినవి

సింగపూర్ ఎయిర్‌పోర్టు పేరు చాంగి. మొత్తం నాలుగు టెర్మినళ్ళు. 1, 2, 3 మధ్య స్కైట్రైన్ తిరుగుతుంది. 4వ టెర్మినల్‌కి మాత్రం బస్సే. కాబట్టి ఏ టెర్మినల్‌లో దిగుతున్నారు, ఏ టెర్మినల్‌లో ఎక్కాలి అనేది ఫోన్‌లో ముందే నోట్ చేసుకోండి.

మనవాళ్ళు తడబడే చోటు ఇంకొకటుంది. శంషాబాద్‌లో సెక్యూరిటీ చెక్ ముందే అయిపోతుంది, తర్వాత గేటు దగ్గర ఖాళీగా కూర్చుంటాం. చాంగిలో 1, 2, 3 టెర్మినళ్ళలో సెక్యూరిటీ చెక్ గేటు దగ్గరే ఉంటుంది. అంటే గేటు చేరితే అయిపోయినట్టు కాదు, అక్కడ ఇంకో క్యూ ఉంది. షాపుల్లో తిరుగుతూ ఆఖరి నిమిషంలో వెళ్ళకండి. అప్పటిదాకా తాగుతున్న నీళ్ళ బాటిల్ కూడా అక్కడే ఖాళీ చేయాలి. ఆవకాయ, నెయ్యి లాంటివి కూడా లిక్విడ్ లెక్కలోకే వస్తాయి, 100 మిల్లీలీటర్లు దాటితే చేతి బ్యాగులో రానివ్వరు. అవి పెద్ద పెట్టెలో పెట్టండి. పవర్ బ్యాంక్ దీనికి రివర్స్, అది చేతి బ్యాగులోనే ఉండాలి.

సింగపూర్‌లో బయటికి వెళ్ళాలంటే

ఇండియన్ పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా కావాలి. అయితే 96 గంటల వీసా-ఫ్రీ ట్రాన్సిట్ అని ఒక సౌకర్యం ఉంది. మీ దగ్గర ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ, జపాన్, న్యూజిలాండ్, స్విట్జర్లాండ్, బ్రిటన్, అమెరికా, ఈ ఎనిమిదింట్లో ఏదో ఒక దేశం ఇచ్చిన వీసా గానీ, లాంగ్ టర్మ్ పాస్ గానీ ఉండాలి. దానికి కనీసం నెల రోజుల గడువు మిగిలి ఉండాలి. 96 గంటల్లోపు సింగపూర్ నుంచి వెళ్ళిపోయే కన్ఫర్మ్ టికెట్ చూపించాలి. మీరు ఇంకో దేశానికి వెళ్తూనో, అక్కడి నుంచి వస్తూనో మధ్యలో ఆగుతున్నవాళ్ళై ఉండాలి. సింగిల్ ఎంట్రీ వీసా ఉన్నవాళ్ళు తిరుగు ప్రయాణంలో వాడుకోవడానికి ఇంకొన్ని షరతులున్నాయి, అవి సింగపూర్ ఇమిగ్రేషన్ వెబ్‌సైట్‌లో చదువుకోండి. ఇది మన హక్కు కాదు, చివరి మాట కౌంటర్లో ఉన్న ఆఫీసర్‌దే. రూల్స్ మారుతుంటాయి కూడా. కాబట్టి నా వీడియో చూసి టికెట్ కొనేయకండి, ఆ సైట్ చూసి కొనండి.

దీంతోపాటు ఎస్‌జీ అరైవల్ కార్డ్ అని ఆన్‌లైన్ ఫారం నింపాలి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి నింపొచ్చు. పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే సైట్లు కనిపిస్తాయి, అవి అసలు సైటు కాదు.

వీసా ఏదీ లేనివాళ్ళు బాధపడక్కర్లేదు. ఎయిర్‌పోర్టు లోపలే సినిమా, తోటలు, ఉచిత వైఫై అన్నీ ఉన్నాయి. సింగపూర్‌లోకి అడుగుపెట్టే అర్హత ఉండి, ఐదున్నర గంటల పైన, 24 గంటల లోపు గ్యాప్ ఉన్నవాళ్ళకి చాంగి వాళ్ళే ఉచితంగా బస్సులో ఊరు చూపించి తీసుకొస్తారు. గ్యాప్ తక్కువుంటే సొంత ప్లాన్ కంటే అదే నయం.

28 గంటలంటే ఎన్ని గంటలు?

తిరుగు టికెట్లు నేను ముందే కొనలేదు, అదొక్కటే నా అదృష్టం. ఈసారి మెల్‌బోర్న్ నుంచి హైదరాబాద్‌కి ఒకే టికెట్, మధ్యలో సింగపూర్‌లో స్టాపోవర్. సాయంత్రం 4 గంటలకి దిగడం, మర్నాడు రాత్రి 8కి ఎక్కడం. ఇక్కడ ఒక గీత గుర్తుంచుకోండి, 24 గంటలు. గ్యాప్ 24 గంటల లోపుంటే అది ట్రాన్సిట్, మామూలుగా పెట్టె నేరుగా చివరి ఊరికి వెళ్ళిపోతుంది. దాటితే స్టాపోవర్, పెట్టె మన చేతికొస్తుంది, టికెట్ రేటు కూడా మారొచ్చు. మాది 28 కాబట్టి పెట్టెలు తీసుకున్నాం. ఎయిర్‌పోర్టులో డబ్బు తీసుకుని లగేజీ దాచే కౌంటర్లున్నాయి. రెండు పెద్ద పెట్టెలు అక్కడే పెట్టి, ఒక చిన్న బ్యాగుతో బయటపడ్డాం.

చెల్లి మాకు పదకొండు చోట్ల లిస్టు రాసిచ్చింది. సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్, జూ, ఇంకా ఏవేవో. నేను పేపర్ తీసుకుని కూర్చున్నాను. 28 గంటల్లో బయటికి రావడానికి ఒక గంట, హోటల్ చేరడానికి ఒక గంట, నిద్ర 8. మర్నాడు మూడు గంటల ముందు ఎయిర్‌పోర్టులో ఉండాలి, దారికి ఇంకో గంట. అక్కడికి 14 పోయాయి. స్నానాలు, తిండి, అమ్మ నడుం వాల్చడం, ఇంకో 4. మిగిలింది 10 గంటలు. ఒక్కో చోటుకి ప్రయాణంతో కలిపి రెండున్నర గంటలు వేస్తే నాలుగు చోట్లు. పదకొండులో ఏడు కొట్టేశాను.

ఏ నాలుగు? ఇక్కడ నేను వాడిన ట్రిక్, చోట్లు చూసి హోటల్ కాదు, ఒక మెట్రో లైన్ చూసి హోటల్. లిటిల్ ఇండియా స్టేషన్ డౌన్‌టౌన్ లైన్ మీద ఉంది. అదే లైన్‌లో ఒకవైపు బేఫ్రంట్, దిగితే గార్డెన్స్ బై ద బే. ఇంకోవైపు మూడో స్టేషన్ బొటానిక్ గార్డెన్స్. ఎక్కడా రైలు మారక్కర్లేదు. టికెట్ కూడా కొనక్కర్లేదు, ట్యాప్ చేసే వీసా, మాస్టర్ కార్డు ఉంటే గేటు దగ్గర తాకిస్తే చాలు. కాకపోతే ఒకరికి ఒక కార్డు ఉండాలి.

మొదటి రోజు ఎయిర్‌పోర్టు నుంచి టాక్సీలోనే వెళ్ళాం, అమ్మ అలసిపోయింది. లిటిల్ ఇండియాలో ఇడ్లీ, సాంబార్ చూశాక ఆమెకి ప్రాణం లేచొచ్చింది. రాత్రి గార్డెన్స్ బై ద బేలో సూపర్‌ట్రీలని లోహంతో కట్టిన పెద్ద పెద్ద చెట్లుంటాయి. వాటి మీద 7:45కి, 8:45కి లైట్ల షో, ఉచితం. మేము 8:45 షో చూశాం. మర్నాడు పొద్దున్నే సెరంగూన్ రోడ్డులో శ్రీ శ్రీనివాస పెరుమాళ్ గుడి. పొద్దున్నే ఎందుకంటే మన దగ్గరలాగే మధ్యాహ్నం మూసేస్తారు. తర్వాత బొటానిక్ గార్డెన్స్. 2015లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది. లోపలికి వెళ్ళడం ఉచితం, ఆర్కిడ్ తోటకి మాత్రం టికెట్. అమ్మ ఒక్కో పువ్వు దగ్గర ఆగి "దీని పిలక ఒకటి దొరికితే" అనుకుంటూ నడిచింది. మధ్యాహ్నం వాన పట్టుకుంది. సింగపూర్‌లో అది మామూలే, కాబట్టి గొడుగు, ప్లాన్‌లో ఒక ఖాళీ గంట, రెండూ ఉండాలి. ఆ గంటలో తేకా సెంటర్లో భోంచేశాం. అలాంటి చోట తిన్న ట్రే మనమే తీసి పెట్టాలి, లేకపోతే ఫైన్. మెట్రోలో తినడం, తాగడం కూడా కుదరదు.

ఫోన్ సంగతి

మీరంతా ఫోన్ మీదే బతుకుతారు, నేనూ అంతే. కాబట్టి మూడు జాగ్రత్తలు. ఒకటి, బ్యాంకు కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ముందే ఆన్ అయి ఉండదు, యాప్‌లోకి వెళ్ళి మనమే ఆన్ చేయాలి. ఇంటి దగ్గరే చేసుకోండి. రెండు, డేటాకి ఈ-సిమ్ కొన్నా, ఓటీపీలు వచ్చేది మన ఇండియా నంబర్‌కే. ఆ సిమ్ తీసేయకండి, రోమింగ్‌లో ఎస్ఎంఎస్ వస్తుందో లేదో చూసుకోండి. మూడు, టికెట్లు, వీసా, హోటల్ అడ్రస్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని, ఒక కాగితం ప్రింట్ కూడా ఉంచండి. మొదటిసారి నా ఫోన్ 4 శాతంలో ఉన్నప్పుడు కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది. ఆ కంగారు ఎవరికీ వద్దు.

చివరిగా ఒక చోటు మిగిలింది, జ్యూయెల్. 2019లో తెరిచిన పెద్ద గాజు గుమ్మటం. లోపల 40 మీటర్ల ఎత్తు నుంచి పడే జలపాతం. అది ఎయిర్‌పోర్టులోనే ఉన్నా ఇమిగ్రేషన్‌కి బయట ఉంటుంది. లోపలికి వెళ్ళిపోయాక చూడలేరు, కాబట్టి ముందే చూసేయాలి. మేము నాలుగున్నరకే చేరుకుని అక్కడ కూర్చున్నాం.

మొదటిసారి వచ్చినప్పుడు కూడా దాని పక్క నుంచే నడిచాం. అప్పుడు "చూద్దామా అమ్మా" అంటే "ఏం చూస్తాం లేరా" అంది. ఈసారి తనే చెల్లికి వీడియో కాల్ చేయమంది. ఫోన్ జలపాతం వైపు తిప్పి చూపించింది. తర్వాత తన వైపు తిప్పుకుని అడిగింది, "ఇంతకీ ఆ రోజు జడ ఎవరు వేశారే నీకు?" రూమ్మేట్ వేసిందట, గుంటూరు అమ్మాయి.

మీ ఇంట్లో ఎవరైనా మొదటిసారి విమానం ఎక్కుతుంటే టికెట్ కొట్టేముందు ఈ ఎపిసోడ్ ఒకసారి చూపించండి. కొంచెం డబ్బు ఎక్కువైనా ఒకే టికెట్ తీసుకోండి, ఒక రోజు ముందు వెళ్ళండి.